నా చేతి కొలతకు చేసిన గిటారు

పోయిన బుధవారం నంద్యాలలో నేను తరగతిలో ఉండగా ఆళ్లగడ్డ బస్సు కండక్టరు బడి గేటు దగ్గరికి పిలిపించి మడిచిన చీటీ ఒకటి ఇచ్చి పోయాడు. "చిన్నాయన తెల్లారి పోయినాడు. మధ్యాహ్నం బస్సుకు రా." చిన్నమ్మ రాత. చీటీ చదివి మళ్లీ లోపలికి వెళ్లి పాఠం పూర్తి చేశాను. దుఃఖం దిగమింగుకున్నానని తోటి టీచర్లు అనుకున్నారు. నిజానికి నాకు దుఃఖం ఇంకా రాలేదు. నాలుగేళ్లుగా ఆయన మీద పెట్టుకున్న కోపాన్ని ఇక ఎవరి దగ్గర తేల్చుకోవాలన్నదొక్కటే తోచింది.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ఆళ్లగడ్డలో పిల్లలకు వడ్రంగం నేర్పే మాస్టారు. బడి వదిలితే ఒకటే పిచ్చి, గిటార్లు విప్పడం, బిగించడం. పంతొమ్మిదివందల యాభై మూడులో నంద్యాలలో మిషను దొరల బంగళాకు కిటికీలు బాగు చేయడానికి వచ్చి, అక్కడొక విదేశీ పత్రికలో బొమ్మ చూశాడు. పొట్ట బోలుగా లేని గిటారు, నాలుగే లావు తీగలు, కింద నుంచి ఒక వైరు. కిటికీల పని ఆపి ఆ బొమ్మను ఇసుక కాగితం వెనక గీసుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"ఇది కట్టెలో మోగేది కాదమ్మే, అయస్కాంతంలో మోగేది. నువ్వు మద్రాసులో చదివింది ఇదే గదా, చెప్పు ఎట్లనో!"

నేను ఫిజిక్సు చదివింది పుస్తకంలో. చేతులతో తెలుసుకున్నది మాత్రం ఆయన దగ్గరే. చెదలు పట్టిన బంగళా పియానో నుంచి రాగి చుట్టిన లావు తీగలు అడిగి తెచ్చాడు. విరిగిన బెంచీ టేకుతో గిటారు ఒళ్లు చేశాడు. పాత టెలిఫోను నుంచి అయస్కాంతం తీశాడు. దాని చుట్టూ వెంట్రుకంత రాగి తీగను ఆ వేసవి సెలవులంతా నేనే చుట్టాను. తెగితే మళ్లీ మొదటి నుంచి. విసుక్కుంటే, "తెగింది తీగ, నీ చెయ్యి కాదులే" అనేవాడు.

పెళ్లిళ్లకు మైకుసెట్టు పెట్టే మనిషిని బతిమాలి, ఆ సెట్టుకు వైరు తగిలించి మొదటిసారి మీటిన రోజు గూట్లో గిన్నెలు గలగలలాడాయి. చిన్నమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఇంట్లో ఎనుము మూలుగుతాండాదేంది!"

"నువ్వు చెవులతో వింటాండావు. దీన్ని కాళ్లతో వినాల" అన్నాడు చిన్నాయన, ఏమాత్రం నవ్వకుండా.

మామూలు గిటారు దండి, ఎడమ చేత్తో పట్టుకునే పొడుగు మెడ, నా చేతికి పెద్దది. అందుకని ఒకరోజు నా ఎడమ చేతిని పలక మీద పెట్టించి, వేళ్ల చుట్టూ సుద్దతో గీశాడు. ఆ గీతను బట్టి దండి పొట్టిగా చేసి, తీగను ఆనించి నొక్కే ఇత్తడి మెట్లు ఒక్కొక్కటే నా వేలు అందేచోట దిగ్గొట్టాడు. "ఎవురి చేతికి చేసింది వాళ్లకే. ఇంగొకరికి ఇయ్యకూడదు" అన్నాడు. అడక్కుండానే అన్నాడు. నేను నమ్మాను.

యాభై ఆరులో రెండు ఊళ్ల క్రైస్తవ సంఘాలూ కలిసి ఆళ్లగడ్డ చర్చిలో కోతపండుగ చేయాలనుకున్నాయి. మా దగ్గర ఆడవాళ్లు పాడతారు గానీ వాయిద్యం ముట్టరు. ఈసారి నువ్వే వాయిస్తావని చిన్నాయన అన్నాడు. మూడు నెలలు ప్రతి శనివారం శిరివెళ్ల మీదుగా బస్సులో వెళ్లి సాధన చేశాను. నలభైకి దగ్గరపడిన మనిషిని, వేళ్లు కాయలు కాస్తే మురిసిపోయాను.

పండుగకు ముందు శనివారం వెళ్లేసరికి గిటారుకు పొడుగు దండి ఉంది.

"నా దండి యాడ చిన్నాయనా?"

"మార్చినా."

"ఎవురికి?"

"తాలూకాఫీసు గుమాస్తా వాయిస్తాడంట. పెద్దోళ్లొచ్చి అడిగినారు."

"నువ్వేమన్నావ్?"

"ఏమంటా? మంచిదన్నా. నీకు ఇంగోటి చేస్తాలేమ్మే. ఎందుకట్ల చూస్తావ్?"

నా మెట్లు పీకి ఆ కొత్త దండికే కొట్టాడు. పండుగనాడు నేను ఆడవాళ్ల వరసలో కూర్చుని పాడాను. ఆ గిటారు ప్రతి తీగా మాస్టారి చేతిపనేనని పెద్దలు మెచ్చుకుంటే చిన్నాయన లేచి దండం పెట్టాడు. నా వైపు చూడలేదు.

ఆ తర్వాత కూడా నంద్యాలకు వచ్చేవాడు. పచ్చి శనక్కాయలు తెచ్చేవాడు, కాఫీ తాగేవాడు. అన్నీ మాట్లాడుకునేవాళ్లం, అదొక్కటి తప్ప. ఇంకోటి చేయనూ లేదు. సంఘం బడిలో నా ఉద్యోగం కూడా ఆ పెద్దల చేతిలోనిదే కాబట్టి భయపడ్డాడేమో అని ఒక్కోసారి అనుకుంటాను. కాదనడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదేమో అని ఇంకోసారి. అడిగి ఉండాల్సింది. అడిగితే నిజం చెప్పేవాడా? అదీ తెలియదు.

బుధవారం సాయంత్రం ఆళ్లగడ్డ చర్చిలో చిన్నాయన శవపెట్టె పక్కన నిలబడి ఉంటే సంఘ పెద్ద ఒకాయన వచ్చాడు. గుమాస్తాకు పోయినేడు కడపకు బదిలీ అయింది.

"మాస్టారు చేసిన గిటారు మోగకుండా ఆయన్ను ఎట్ల పంపియ్యాల? నువ్వు వాయించు టీచరమ్మా. నీకొస్తాదని మాస్టారే చెప్పినాడు."

"ఎప్పుడు చెప్పినాడప్పా?"

"ఎప్పుడో. గుమాస్తా వాయించకముందో, తర్వాతో. యాడ గుర్తుంటాదమ్మా?"

ముందో తర్వాతో తెలిస్తే నాకు చాలు. ముందే అయితే నా కోసం ఒక మాట అడిగినట్టే. అదే ఆయనకు గుర్తు లేదు.

మైకుసెట్టుకు వైరు తగిలించి, గిటారు తీసుకుని కూర్చున్నాను. పొడుగు దండి మీద నా వేళ్లు మెట్లకు అందలేదు. నొక్కకుండా వట్టి తీగలే మీటాను. కొన్నిచోట్ల పాటతో కలిసింది, కొన్నిచోట్ల కలవలేదు. జనం దానిమీదే పాడుకుంటూ పోయారు. పాట అయిపోయాక కూడా అన్నిటికంటే లావు తీగ మోగుతూనే ఉంది. పాస్టరుగారు ప్రార్థనకు కళ్లు మూసుకుని, అది ఆగితే మొదలుపెడదామని నిలబడ్డారు. అందరూ నా వైపు తిరిగారు. తీగ మీద అరచెయ్యి ఆనిస్తే ఆగిపోతుంది. నేను ఆనించలేదు.