పుర్రచేతికి కొన్న తుపాకీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో తుపాకీ ఉండేది. ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి, ఆ టీవీ కాస్త తగ్గించండి, నా గొంతు ఇప్పుడు పెద్దగా లేవదు. తుపాకీ అనగానే ఏదో అనుకోకండి. మేము దొంగలమూ కాదు, సిపాయిలమూ కాదు. ఈ మలాయ్ దేశంలో కువాలా సెలంగోర్ దగ్గర ఒక తోటలో కూలి చేసుకుని బతికిన తెలుగువాళ్ళం. రబ్బరు చెట్లు కొట్టేసి కొత్తగా పామాయిల్ మొక్కలు వేసిన కాలం అది. అడవి పందులు వచ్చి లేత మొక్కల మొవ్వులు పెకలించి తినేసేవి. వాటిని కాల్చడానికి తోట దొర పోలీసుల అనుమతితో ఒక మనిషికి తుపాకీ అప్పగించేవాడు. ఆ పని మొదట మా తాతయ్యది. ఆయన చూపు మసకబారాక మా నాన్నకు వచ్చింది.

మా నాన్నది పుర్రచేతివాటం. పుట్టుకతోనే ఏ పనికైనా ఎడమ చెయ్యే ముందుకు వచ్చేది. మనవాళ్ళలో అదెంత తప్పో మీకు తెలుసు. ఆ చేత్తో తినకూడదు, ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. చుట్టూ ఉన్న మలాయ్ వాళ్ళకూ అంతే. అందుకని తాతయ్య చిన్నతనంలో మా నాన్న ఎడమ చేతికి గుడ్డ చుట్టి కట్టేసి కుడి చెయ్యి అలవాటు చేశాడట. తుపాకీ నేర్పినప్పుడూ కుడి భుజానికే ఆనించమన్నాడు. ఒక్కసారి మాత్రం నాన్న చాటుగా ఎడమ భుజానికి పెట్టి కాల్చాడు. అది ముందు పిడి వెనక్కి లాగితే కాలిన తూటా కుడి పక్కనుంచి ఎగిరిపడే రకం తుపాకీ. ఆ వేడి తూటా నాన్న ముఖం ముందునుంచే దూసుకుపోయి కుడి ముంజేతిని కాల్చింది. తాతయ్య ఆ మచ్చను అందరికీ చూపించి, తుపాకీ కూడా పుర్రచెయ్యి ఒప్పుకోదు చూడండని తోట కూలీల లైన్ ఇళ్ళంతా చెప్పుకున్నాడు. నాన్న మళ్ళీ ఎడమ భుజం జోలికి పోలేదు.

గురి మాత్రం నాన్నకు ఎప్పుడూ సరిగా కుదరలేదు. మొక్కలు పోతూనే ఉండేవి, పందులు తిరుగుతూనే ఉండేవి. ఆయన తుపాకీ పట్టుకుని వస్తుంటే పందులు ఎదురొచ్చి దండం పెడతాయని కుళాయి దగ్గర ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. నాన్న తల వంచుకుని పోయేవాడు. మా చిన్నాన్న ఊరుకునేవాడు కాదు. ఆయన నాన్న కంటే ఆరేళ్ళు చిన్న, ఇంకా పెళ్ళి కాలేదు. కిరసనాయిలు డబ్బా వాయిస్తూ పందులను నాన్న వైపు తోలుకొచ్చే పని ఆయనది. అన్నయ్య గురి తప్పలేదు, పందే సిగ్గుపడి పక్కకు తప్పుకుందని ఆ ఆడవాళ్ళకే తిప్పి చెప్పి నవ్వించేవాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆ డబ్బా నాచేతే వాయించేవాడు.

ఒక రోజు పొద్దున్నే ఇద్దరూ కొత్త మొక్కల వైపు వెళ్ళారు. పెద్ద మగ పంది ఒకటి లేచి ఎడమనుంచి కుడికి పరుగు తీసింది. నాన్న కాల్చాడు. గుండ్లు దాని వెనక కాలికి తగిలాయి. దెబ్బ తిన్న పంది ముందుకు పోకుండా వెనక్కి తిరిగింది. అక్కడ కాలవ గట్టు మీద చిన్నాన్న ఉన్నాడు. దాని కోర ఆయన తొడలో దిగింది. తోట లారీ ఎక్కించారు కానీ పెద్ద రోడ్డు చేరకముందే ప్రాణం పోయింది. లారీలో ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది మా నాన్నే.

కర్మకాండ అయ్యేవరకు నాన్న ఒకే మాట అన్నాడు, అదీ ఒక్కసారే. "నా సేతుల్తోనే నా తమ్ముణ్ణి సంపుకున్నాను" అన్నాడు. ఆ తర్వాత నోరు విప్పలేదు. అన్నం పెడితే నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేవాడు. మనిషి మా కళ్ళముందే ఎండిపోతున్నాడు. మా అమ్మ రాత్రీ పగలూ ఆయన్ని కనిపెట్టుకుని ఉండేది. పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునే మాటలు నాకూ వినబడేవి. ఉన్న ఒక్క కొడుకూ దక్కడని తాతయ్యకు భయం పట్టుకుంది.

ఆ పాత తుపాకీలోనే ఏదో దోషం ఉందని తాతయ్యకు అనిపించింది. వెళ్ళి దొర కాళ్ళమీద పడ్డంత పని చేసి, దాన్ని మార్చి కొత్తది తీసుకునేందుకు ఒప్పించాడు. అనుమతి కాగితం నాన్న పేరున ఉంది కనుక నాన్నే రావాలి. రమ్మంటే లేచి వచ్చాడు, వద్దనే ఓపిక కూడా లేక. పిల్ల పక్కన ఉంటే ఒక్క మాటైనా మాట్లాడతాడేమోనని మా నాయనమ్మ నన్నూ పంపింది. నాదీ నాన్న పోలికే, పుర్రచెయ్యి. పట్నంలో నలుగురూ చూస్తారని నా ఎడమ చేతికి పాత చీర పేలిక బిగించి కట్టి మరీ బస్సెక్కించింది.

క్లాంగ్ పట్నంలో తుపాకులు అమ్మే తౌకే, అంటే దుకాణం యజమాని, ముసలి చీనా ఆయన, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ఉన్నాడు. తాతయ్య మలాయ్‌లో మంచి తుపాకీ చూపించమన్నాడు. తౌకే తుపాకీ తియ్యలేదు. ముందు నాన్న వైపు చూశాడు. గోడ గడియారం చూపించి, రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న కంత వదిలి, రెండు కళ్ళూ తెరిచి ఆ కంతలోంచి గడియారాన్ని చూడమన్నాడు. అలా చూస్తూనే చేతులు మెల్లగా ముఖం దగ్గరకు తెచ్చుకోమన్నాడు. నాన్న చేతులు వచ్చి ఎడమ కంటి మీద ఆగాయి. మళ్ళీ చెయ్యమన్నాడు. మళ్ళీ ఎడమ కంటికే. ఆటలా ఉందని నేనూ చేశాను, పేలిక కట్టిన చేత్తోనే. నాదీ ఎడమ కంటి మీదే ఆగింది. తాతయ్య చేస్తే కుడి కంటికి వచ్చింది.

మనిషికి రెండు కళ్ళున్నా గురి చూసేది ఒకటేనని, రెండోది తోడు మాత్రమేనని తౌకే చెప్పాడు. నీకు గురి చూసే కన్ను ఎడమది, నువ్వు కిడల్, పుర్రచేతివాడివి, మరి తుపాకీ కుడి భుజానికి పెడతావా అని నాన్నను అడిగాడు. నాన్న తల ఊపాడు. అయితే నీ గుండు ఎప్పుడూ ఎడమకే పోతుంది కదా అన్నాడు. నాన్న గబుక్కున తలెత్తి ఆయన్ని చూశాడు. అన్నాళ్ళకు మా నాన్న ఒక మనిషి ముఖంలోకి చూడడం నేను చూశాను.

అప్పుడు తాతయ్య బల్ల దగ్గరకు జరిగి అడిగాడు, పంది ఎడమనుంచి కుడికి పరుగెడుతుంటే ఏమవుతుందని. తౌకేకు మా ఇంటి సంగతి ఏమీ తెలియదు. బల్ల తుడుచుకుంటూ, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర లా తగిలించి చెప్పాడు, ఏముంది, వెనక పడుతుంది లా, కాలికి తగులుతుంది, చావదు.

తాతయ్య బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయాడు.

ఆ తర్వాత తౌకే ఒక్కొక్క తుపాకీ తీసి చూపించాడు. తూటా కుడికి ఎగిరే రకం నీకు వద్దన్నాడు. ఒకటి అందంగా ఉంది, చెక్క మీద పూలు చెక్కి ఉన్నాయి. కానీ భుజానికి ఆనించే కర్ర కొంచెం కుడికి వంచి చేశారు, అది కుడిచేతివాళ్ళ చెంపకు సరిపోవడానికట. అదీ పక్కన పెట్టాడు. చివరికి రెండు గొట్టాల తుపాకీ ఒకటి తీశాడు. అది మధ్యకు విరుగుతుంది, కాలిన తూటాలు ఎటూ ఎగరవు, చేత్తో తీసుకోవడమే. కర్ర తిన్నగా ఉంది. పేలకుండా ఆపే మీట పైన సరిగ్గా మధ్యలో ఉంది, ఏ బొటనవేలితోనైనా నెట్టవచ్చు. నాన్న దాన్ని ఎడమ భుజానికి ఎత్తి గడియారం వైపు పెట్టాడు. వెతుక్కోకుండా చెంప కర్రమీదికి వచ్చి ఆనుకుంది. తౌకే వెనక నిలబడి చూసి, ఇది నీదే అన్నాడు.

కాగితాల పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. రోడ్డవతల అరటాకు భోజనం పెట్టే దుకాణంలోకి వెళ్ళాం. నిండా జనం. ఆకుల్లో అన్నం, పప్పు పడ్డాయి. నాన్న కుడి చెయ్యి అన్నంలో పెట్టి అలాగే ఉండిపోయాడు. తాతయ్య చూసి చూసి, తన ఎడమ చెయ్యి కడుక్కుని వచ్చాడు. కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో అన్నం కలపడం మొదలెట్టాడు.

మీకెలా చెప్పాలి. ఊళ్ళో ఏ పంచాయితీకైనా ముందు కూర్చునే మనిషి. పక్క బల్లవాళ్ళు తినడం మానేసి చూస్తున్నారు. వడ్డించే ఆయన, తాతా, ఏమిటిది అని తమిళంలో కసిరాడు కూడా. తాతయ్య వినలేదు. వేళ్ళు కూడడం లేదు. ముద్ద నోటిదాకా పోయేలోపు సగం పంచె మీద, సగం గడ్డం మీద పడుతోంది. పప్పు మణికట్టు మీదుగా కారుతోంది. నాకు నవ్వు వచ్చింది, తర్వాత ఆయన కళ్ళు చూసి భయం వేసింది.

"సాలు నాన్నా, అందరూ సూత్తున్నారు" అన్నాడు నాన్న.

"సూడనీరా. పది ముద్దలు తినలేకపోతన్నాను నాను. నిన్ను ముప్పై ఏళ్ళు ఇలాగే బతకమన్నాను. నీ తమ్ముణ్ణి సంపింది నీ సెయ్యి కాదు నాయినా. దాన్ని కట్టేసిన సెయ్యి, ఇదిగో ఇది." అంటూ తన కుడి చేతిని బల్లమీద పెట్టాడు.

తాతయ్య నా వైపు తిరిగి పేలిక ముడి విప్పబోయాడు. పప్పు జిడ్డుకు జారింది, పళ్ళతో విప్పాడు. నా వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. తినవే గుంటా అన్నాడు. తర్వాత నాన్నకేసి వంగి, "ఒక్క ముద్ద ఎట్టు నాయినా. ఆ సేత్తోనే" అన్నాడు.

నాన్న ఎడమ చెయ్యి కడుక్కుని వచ్చి అన్నం కలిపాడు. ఒక్క మెతుకు రాలకుండా ముద్ద తాతయ్య నోట్లో పెట్టాడు. అప్పుడే ఏడ్చాడు. చిన్నాన్న పోయినప్పటినుంచి ఏడవని మనిషి, ఆ ఆకు ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మేం ఎంతసేపు ఉన్నా లెమ్మని ఎవరూ అనలేదు.

కొత్త తుపాకీ వచ్చాక నాన్న కాలవ గట్టు అవతల డబ్బా ఒకటి పెట్టి కాల్చి చూశాడు. మొదటి గుండుకే డబ్బా ఎగిరింది. పిల్లలం చప్పట్లు కొట్టాం. నాన్న తుపాకీ కింద పెట్టి మట్టిలో కూర్చున్నాడు. తమ్ముడు ఉండగా ఆ దుకాణానికి ఎందుకు పోలేదు నాన్నా అని అడిగాడు. తాతయ్య వచ్చి ఆ మట్టిలోనే పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత నాన్న మళ్ళీ మనిషయ్యాడు, తిన్నాడు, మాట్లాడాడు. మమ్మల్ని పెంచి పెద్దచేశాడు.

నేను ఆ రోజు నేర్చుకున్నది అంతా నిలుపుకున్నానని చెప్పను. మా పెద్దాడికి అక్షరాలు ఎక్కడం లేదని బెత్తంతో కొట్టి, చివరికి బడి మాన్పించి ఫ్యాక్టరీకి పంపాను. వాడికి నల్లబల్ల కనబడేది కాదని, చూపు తక్కువని, ఎన్నో ఏళ్ళ తర్వాత వాడి కొడుక్కి కళ్ళజోడు పెట్టించినప్పుడు తండ్రి కళ్ళూ పరీక్షించి డాక్టరమ్మ చెబితే తెలిసింది. తాతయ్య తప్పే నేనూ చేశాను. అయితే ఆయన చేసిన రెండో పనీ చేశాను. పోర్ట్ క్లాంగ్‌లో ఉన్న వాడికి ఫోన్ చేసి, తప్పు నీది కాదురా నాయినా, నాది అన్నాను. "ఏటమ్మా లా, ఇప్పుడెందుకు అవన్నీ" అన్నాడు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.

చిన్నాన్నకు ఆ మాట చెప్పే వీలు ఎవరికీ లేకపోయింది. తప్పు నాది అన్న మాట, వినవలసిన మనిషి బతికి ఉండగానే చెప్పాలి. నా దగ్గర మిగిలింది అదొక్కటే.

ఇంత సేపు కూర్చుని విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పిల్లలు ఏ చేత్తో తిన్నా కడుపు నిండాలి. పొద్దున మీ గడప దాటి వెళ్ళినవాళ్ళంతా పొద్దు గూకేలోగా తిరిగి ఇల్లు చేరాలి.