ఫ్లోరెన్స్ వేసిన కుట్లు

జగ్గయ్యపేటలో రాధాకృష్ణమూర్తిగారి బట్టల కొట్టు పక్క సందులో మిషను పెట్టుకుని జయమణి ఇరవై ఎనిమిదేళ్ళు జాకెట్లు కుట్టింది. జాకెట్లు పొట్ట కోసం, బొంతలు నా కోసం అనేది. చీరల ముక్కలు ఒకదానికొకటి అతికి పైపొర తయారుచేసుకోవాలి. దాని కింద పాత గుడ్డలు పొరలుగా పేర్చాలి. పొరలన్నీ కలిపి సూదితో వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోవాలి. తల్లి మరియమ్మ మిరపకోతలు అయిపోయాక ఎండాకాలమంతా అదే పనిగా కూర్చునేది. జయమణి, అక్క ఫ్లోరెన్స్ ఆమె దగ్గరే నేర్చుకున్నారు. ఇద్దరిలో అక్క చెయ్యే మంచిదని జయమణి అడిగినవాళ్ళకి చెప్పేది, అడగనివాళ్ళకీ చెప్పేది.

మూడేళ్ళ కిందట వచ్చిన చికున్‌గున్యా జ్వరం తగ్గింది కానీ, కుడిచేతి వేళ్ళ కణుపుల్లో నొప్పి తగ్గలేదు. సూది పట్టుకుంటే జారిపోయేది. మిషను మీద గుడ్డ కప్పేసి, అలవాటు చావక రోజూ పొద్దున్నే వచ్చి కొట్టు అరుగు మీద కూర్చునేది. రాధాకృష్ణమూర్తిగారి కోడలు నిఖితకి ఖాళీ దొరికితే ట్యాబ్‌లో బొమ్మలకి రంగులు వేసుకోవడం సరదా. ఆ పిల్లే ఒకనాడు జయమణి పక్కన చతికిలబడింది.

"ఆంటీ, బొంతలో ముక్కలు ఎట్టా పేరుస్తారో మీరు చెప్పండి, నేను గీస్తా. రంగులు వేసుకునేవాళ్ళు వేసుకుంటారు."

"గుడ్డ లేకుండా బొంతేంటమ్మా?"

"గుడ్డా లేదు, సూదీ లేదు. వేలితో నొక్కితే ముక్కకి రంగు పడుద్ది, అంతే."

అలా మొదలైంది. జయమణి చెప్పేది, నిఖిత ట్యాబ్‌లో తయారుగా ఉండే గళ్ళను జరిపి జరిపి పేర్చేది. తెల్లగా, గీతలతో మాత్రమే ఉన్న ఆ పేజీని ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాట్సాప్ గుంపులో పెట్టేవాళ్ళు. అందులో నూట డెబ్బైమంది ఆడవాళ్ళు చేరారు. నందిగామ టీచర్లు, కంచికచర్ల అంగన్‌వాడీ వాళ్ళు, కోదాడ నుంచి కొందరు. శుక్రవారానికల్లా ఎవరి రంగులతో వాళ్ళ బొంతలు తిరిగి వచ్చేవి. ఒకే పేజీ నూట డెబ్బై రకాలుగా కనపడుతుంటే జయమణికి మొదట్లో కాస్త బెంగగా ఉండేది, తర్వాత ఎదురుచూడటం అలవాటైంది. లావుపాటి పెన్ను ఒకటి నిఖిత తెచ్చి ఇచ్చింది. సూది నిలవని వేళ్ళలో అది నిలిచింది.

ఈలోగా నందిగామలో ఫ్లోరెన్స్ పోయింది. కడుపులో గడ్డ అన్నారు, ఆరు నెలలు మంచాన ఉంది. ఆమె కుట్టిన బొంతలన్నీ అడిగినవాళ్ళకల్లా ఇచ్చేయగా ఒక్కటే మిగిలింది. జబ్బు పడ్డాక కూడా కూర్చోగలిగినన్నాళ్ళూ దాన్నే కుడుతూ కూర్చుంది. దాన్ని గురించి ఆఖర్లో కొడుకు రత్నబాబునీ, కూతురు జెరూషానీ దగ్గరికి పిలిచి చెప్పింది.

"నాకు సంవత్సరం అయిన రోజున పిన్ని చేత చెరిసగం కత్తిరించుకోండి. బీరువాలో దాచారంటే ఊరుకోను. కప్పుకోండి."

ఆ మాట తప్పే ఉద్దేశం ఎవరికీ లేదు. జయమణికి కూడా లేదు. కానీ కత్తెర పడ్డాక అక్క పేర్పు, అక్క కుట్టు ఒకచోట చూడటానికి ఇంకెక్కడా ఉండవు. సంవత్సరం జ్ఞాపకార్థ కూడికకి మూడు వారాలుందనగా ఆమె నందిగామ వెళ్ళి బొంతని అడిగి తెచ్చుకుంది. బస్సులో సీటు దొరికింది, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్క సీటామె, ఎండాకాలం వస్తుంటే ఇంత బరువు ఎందుకమ్మా మోస్తున్నావు అని అడిగింది. గీయడానికి అని జయమణి చెప్పింది.

ఈ పేజీ మాత్రం నిఖిత చెయ్యి పడకుండా తనే గీస్తానంది. ఎనిమిది వరసలు, వరసకి ఎనిమిది గళ్ళు. గళ్ళ మీద కుట్లు. ఫ్లోరెన్స్ కుట్టు బియ్యపు గింజంత ఉంటుంది. మలుపు దగ్గర రెండు పొట్టి కుట్లు వేసి తిరుగుతుంది. జయమణి ఒక్కో గడి చుట్టూ కుట్లు వేలితో తడిమి లెక్కపెట్టి, అన్నే చిన్న చిన్న గీతలు పెన్నుతో గీసింది. కింది రెండు వరసల్లోకి వచ్చేసరికి కుట్లు పొడుగయ్యాయి, ఒకటి రెండుచోట్ల దారి తప్పాయి. ఎప్పుడు కుట్టినవో ఆమెకి తెలుసు.

"వాటిని సరిచేద్దామా ఆంటీ? ఒక్క నిమిషం పని," అంది నిఖిత.

"వద్దమ్మా. అవి అట్టాగే ఉండాలి."

పన్నెండు రోజులు పట్టింది. ఆదివారం కొట్టు మూసే వేళకి గుంపులో పెట్టింది. కింద, ఇది మా అక్క ఫ్లోరెన్స్ బొంత, అని ఒక్క ముక్క రాసింది.

అరగంటలో ఫోను మోగడం మొదలైంది.

"జయమణిగారండీ, ఒక్కచోట నొక్కితే పేజీ అంతా ఎర్రబడిందండి."

"నాకూ అంతే. కల్లంలో మిరపకాయలు ఆరబోసినట్టుంది."

"ఈ వారం ఒకే రంగు పోటీనా అక్కా? ముందే చెబితే మంచి రంగు చూసుకునేదాన్నిగా."

నవ్వుతున్న బొమ్మలు వరసగా పడ్డాయి. ఎవరూ చెడ్డగా అనలేదు. అక్క పేరు కింద ఆ నవ్వులు చూస్తూ జయమణి ఫోను బోర్లా పెట్టేసింది. నిఖిత వచ్చి చూసి విషయం చెప్పింది. ఈ పేజీలో గళ్ళకి హద్దు కుట్లే, కుట్టుకీ కుట్టుకీ మధ్య ఖాళీ ఉంది. ఒక గడిలో పోసిన రంగు ఆ ఖాళీల్లోంచి పక్క గడిలోకి, అక్కణ్ణుంచి పేజీ అంతా పారుతుంది. నిఖిత గళ్ళలో ఖాళీ ఎప్పుడూ ఉండేది కాదు గనక ఇన్నాళ్ళూ ఆ గొడవ రాలేదు.

"ఏం లేదు ఆంటీ, కుట్లన్నీ కలిపేయండి. సరిపోద్ది."

ఆ పేజీ గుంపులోంచి తీసేయించి, మర్నాడంతా కూర్చుని జయమణి కుట్లు కలిపేసింది. రంగు పారడం ఆగింది. ఇంటికి తీసుకెళ్ళి మొగుడికి చూపించింది. దేవరాజ్ తాపీమేస్త్రి. మోకాళ్ళు సహకరించక ఇప్పుడు చిన్నచిన్న పనులే ఒప్పుకుంటున్నాడు. ట్యాబ్‌ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"బాగుంది. ఎవరి బాత్రూమే ఇది?"

"ఏడ్చావులే. అక్క బొంత."

"బొంతా? నేను టైల్స్ పరిచినట్టుంటేను. మజ్జెలో సిమెంటు కూడా నింపావుగా."

ఆమె ట్యాబ్ లాక్కుంది. ఆయన అన్నది నిజమే. కుట్టు లేకుండా గళ్ళు మాత్రమే అయితే ఎవరైనా గీస్తారు, అది ఫ్లోరెన్స్ బొంత కాదు. కుట్లు ఉంటే రంగు నిలవదు. కూడిక శనివారం. ఇంక నాలుగు రోజులే ఉంది. బొంత మంచం మీద పరిచి దాని ముందు కూర్చుంది కానీ పెన్ను ముట్టుకోలేదు. అన్నానికి పిలిచినా లేవలేదు.

దేవరాజ్ వచ్చి మంచం పట్టె మీద కూర్చుని, బొంత మీద వేలు పెట్టి జరిపాడు.

"ఈ ముక్కకీ ఆ ముక్కకీ మజ్జె అతుకుందిగా. అదేది నీ బొమ్మలో?"

"అతుకు గీస్తారా ఎవరైనా?"

"ఏం, ఎందుకు గీయరు?"

"అతుకు కనపడకూడదు. మా అమ్మ అతుకు కనపడితే విప్పించి మళ్ళీ కుట్టించేది."

"చూసేవాళ్ళకి కనపడకూడదే. రంగుకి కనపడొద్దూ?"

జయమణి బొంత వైపు చూసింది. యాభై ఏళ్ళుగా అతుకుని గోటితో నొక్కి లోపలికి మడిచి, కంటికి అందకుండా చేయడమే పనిగా బతికింది. గీసేటప్పుడు కూడా దాన్ని చూడలేదు. అది అక్కడే ఉంది, కుట్టుకి పక్కనే, ఈ చివర నుంచి ఆ చివరకి ఎక్కడా తెగకుండా.

"మేస్త్రి బుర్రే," అంది.

"కూలి ఎంతిస్తావో చెప్పు."

"లేచి అన్నం పెట్టుకో. నాకూ పెట్టు."

రెండు రోజుల్లో అతుకులన్నీ సన్నటి గీతలుగా గీసింది. వాటి లోపల కుట్లు విడివిడిగానే, ఎక్కడివి అక్కడే ఉంచింది. నిఖిత ఒక గడి మీద నొక్కి చూసింది. పసుపు ఆ గడంతా నిండి అతుకు దగ్గర ఆగింది, కుట్లు దాని మీద నల్లగా నిలిచాయి. గురువారం సాయంత్రం గుంపులో పెట్టారు. శుక్రవారానికే అరవై బొంతలు తిరిగొచ్చాయి. ఊదా, నెమలికంఠం, గులాబి, ఒకామె మొత్తం ఆకుపచ్చలోనే రకాలు. ఒక్కటీ అక్క బొంతలా లేదు. అన్నిటి మీదా అక్క కుట్లున్నాయి. జయమణి తను మాత్రం రంగు వేయలేదు. ఏ గడిది ఏ చీరో తెలిసినదానికి వేరే రంగు ఎట్టా వస్తుంది?

శనివారం నందిగామలో ప్రార్థన అయింది, పాస్టరుగారు వెళ్ళారు, బంధువులు భోంచేసి సర్దుకున్నారు. వసారాలో చాప వేసి బొంత పరిచారు. నాలుగో గడికీ అయిదో గడికీ మధ్య జయమణి సుద్దముక్కతో గీత గీసింది. రత్నబాబు ఒక వైపు, జెరూషా ఒక వైపు పట్టుకున్నారు. కత్తెర దిగలేదు.

"బాగా మందంగా ఉంది. అంచు విప్పి పొరలు విడివిడిగా కోద్దాం," అంది జయమణి.

బ్లేడుతో అంచు కుట్టు తెంపి పైపొర ఎత్తింది. లోపల పాత గుడ్డలు పేర్చి ఉంటాయనుకుంది. గుడ్డలు కావు. అతికిన ముక్కలు. ఇంకా కాస్త విప్పింది. మూలలకి తిప్పి అతికిన గళ్ళు, కందిరంగు ముక్క, దాని పక్కన నల్లంచు ముక్క. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఏంటి పిన్నీ?" అన్నాడు రత్నబాబు.

"ఇది అమ్మది. మీ అమ్మమ్మ కుట్టిన బొంత. చివికిపోయిందని పారేశామనుకున్నాం. అక్క దీని మీదే కుట్టుకుంది, నాకు మాటమాత్రం చెప్పలేదు."

ముగ్గురూ వంగి చూశారు. కాసేపటికి జెరూషా సర్దుకుని కూర్చుంది.

"అయితే కత్తిరించొద్దులే పిన్నీ. ఇట్టాగే ఉంచేద్దాం."

"ఎవరి దగ్గర?" అన్నాడు రత్నబాబు.

తను అడిగినందుకు రత్నబాబే ముందు తలదించుకున్నాడు.

జయమణి బొంత మీద అరచెయ్యి వేసి ఉంచింది. కోస్తే అక్కదీ అమ్మదీ రెండూ తెగుతాయి. కోయకపోతే అక్క మాట పోతుంది, అమ్మది ఎప్పటికీ చీకట్లోనే ఉంటుంది. ఇంకొక దారి ఉంది. దానికి ఈ పొరలన్నీ పట్టి ఉంచిన కుట్లు, ఒక్కటి మిగలకుండా, విప్పాలి. నెల కిందట అయితే ఆ ఆలోచనే వచ్చేది కాదు.

"విప్పేద్దాం," అంది. "పైపొర విడిగా వస్తది. అది మీ ఇద్దరూ చెరిసగం తీసుకోండి."

"అమ్మ వేసిన కుట్లు పోతాయి కదా," అంది జెరూషా.

"పోవే పిచ్చిదానా. ఎక్కడ ఎన్నున్నాయో గీసా. జగ్గయ్యపేట నుంచి కోదాడ దాకా అందరి దగ్గరా ఉన్నాయి. నీ ఫోనులో లేవూ?"

"ఉన్నాయి."

"మరింకేం. పిన్నీసు తే."

వేళ్ళు సరిగా వంగని జయమణి చెబుతుంటే వాళ్ళిద్దరూ విప్పారు. ఒక కుట్టు విడిచి ఒక కుట్టు కింద పిన్నీసు పెట్టి లేపాలి, దారం గుంజకూడదు, గుడ్డ చిరుగుతుంది. రత్నబాబు సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు సూపర్‌వైజరు, అతని చేతికి పిన్నీసు ఆనలేదు.

"నీ మొహం. లారీ తాడు విప్పుతున్నట్టు విప్పుతావేంట్రా," అంది జెరూషా.

"నీకు బ్లౌజులు చింపిన అనుభవం ఉందిలే, నువ్వు చెప్పు."

మూడు గంటలు పట్టింది. చివరి దారం వచ్చాక ఇద్దరూ చెరో కొసా పట్టి పైపొరని లేపారు. దుప్పటిలా తేలిగ్గా లేచింది. కుట్లున్న చోటల్లా సూది చేసిన సన్నటి బెజ్జాలు, వెలుతురికి ఎదురుగా పట్టుకుంటే వరసలు వరసలుగా కనపడ్డాయి. జయమణి మధ్య అతుకు వెంట కత్తెర నడిపింది. ఈసారి సాఫీగా దిగింది. ఎవరి సగం వాళ్ళు మడుచుకున్నారు.

చాప మీద మరియమ్మ బొంత మిగిలింది. రత్నబాబు దాన్ని చూసి, చెల్లెలి వైపు చూసి, "ఇది పిన్నిది," అన్నాడు. జెరూషా తలూపింది.

జయమణి ముందుకు జరిగి దాని మీద చెయ్యి పోనిచ్చింది. ఆరు వరసలు, వరసకి ఆరు గళ్ళు. కింది మూల ఒక గడి పూర్తిగా చివికి, దారాలు మాత్రమే మిగిలాయి. అక్కడ ఏ ముక్క ఉండేదో చెప్పగలిగే మనుషుల్లో ఇప్పుడు మిగిలింది తనొక్కతే. కళ్ళు మూసుకుని, ఈ బొంత ఇంట్లో కొత్తగా ఉన్న రోజుల్లోకి వెళ్ళింది. అక్క ఆ చివర, తను ఈ చివర, ఇద్దరి కాళ్ళూ దాని కింద మధ్యలో.

"నీలం," అంది. "నీలమే."

జెరూషా ఫోను తీసి ఆ మాట రాసుకుంది.