దేనిలా అక్క

ఆమెకు అసలు పేరు ఉండే ఉంటుంది. హాజరుపట్టీలో తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు ఆయా. దుప్పట్లు మార్చటం, నేల తుడవటం, లేవలేనివాళ్లను లేపి కూర్చోబెట్టటం ఆమె పని. కొత్తగా చేరిన మనిషి "అబ్బా, నొప్పి" అంటే చాలు, చేతిలో బకెట్టు కింద పెట్టి "దేనిలా ఉంది?" అని అడిగేది. అలా దేనిలా అక్క అయింది. ఆమె కంటే పదేళ్లు పెద్దవాళ్లకు కూడా అక్కే.

నేను ముప్పై రెండేళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. అలంకారాలంటే నాకు ప్రాణం. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం, ఈ నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏది లోపించినా లుప్తోపమ అని ఎన్ని వందలమంది చేత వల్లె వేయించానో. పరీక్ష హాలు గుమ్మం దాటాక అవి ఎవరికైనా పనికొస్తాయని మాత్రం, నిజం చెప్పాలంటే, నేనూ అనుకోలేదు.

ఒక మధ్యాహ్నం నా భార్య కుట్టుమిషను మీద చెయ్యి ఆపేసింది. నలభై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టిన మనిషి. దారం తెగితే తప్ప ఆగని మిషను ఆగిపోయింది. వెళ్లి చూస్తే గుండెల మీద చెయ్యి, ముఖమంతా చెమట. "ఏం లేదండీ, కాసేపు నడుం వాలిస్తే పోతుంది" అంది. నేను వినలేదు. బండి పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డ్యూటీ డాక్టరు కళ్లు చూస్తే ముందురోజు నుంచీ నిద్ర లేనట్టుంది. "నొప్పి ఎలా ఉందమ్మా?" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను.

"శూలంతో పొడిచినట్టు ఉందా?"

నా మాటకు ఎదురాడే అలవాటు ఆమెకు లేదు. అప్పుడు ఓపికా లేదు. "ఊఁ" అంది. డాక్టరు "పొడుస్తున్నట్టు నొప్పి" అని రాసుకున్నాడు. ఈసీజీ తీశారు, బాగానే ఉంది. గ్యాస్ అయ్యుంటుంది, మందు వేసి సాయంత్రం దాకా చూసి పంపించేద్దాం అన్నాడు. నా పోలికను ఒక వైద్యుడు కాగితం మీద పెట్టినందుకు నాకు లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వం గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తలేను.

వార్డులో మంచం మీద పడుకోబెట్టగానే ఆయా వచ్చింది.

"దేనిలా ఉందమ్మా?"

"శూలంతో పొడిచినట్టు ఉంది" అన్నాను.

ఆమె నావైపు తిరిగింది. "నొప్పి మీకా, ఆవిడకా?"

పక్క మంచం మీద ముసలావిడ కిసుక్కున నవ్వింది.

"ఆవిడ ఎప్పుడైనా శూలం చూసిందా సార్?"

"అది పోలిక..."

"చూడనిదానితో పోలికేంటి? మీరలా బయట బెంచీ మీద కూర్చోండి. మీరుంటే ఆవిడ మీ మాటే చెప్తుంది."

గుమ్మం దాకా వెళ్లి అక్కడే ఆగాను. ఆయా నా భార్య చెయ్యి పట్టుకుని వేలి చివర గరుకును తడిమింది. "కుట్టుపనా అమ్మా? అయితే మీ మిషను దగ్గర కూర్చున్నాననుకుని చెప్పండి. తొందరేం లేదు. దేనిలా?"

నా భార్య కళ్లు మూసుకుంది.

"గుడ్డ అంచుకి కత్తెరతో చిన్న గాటు పెడతాం చూడు... పెట్టి రెండు చేతుల్తో లాగితే సర్రున చిరుగుతుందే, అలా. గుండెల దగ్గర మొదలై, వీపులోంచి కిందికి."

"ఆగిందా, ఇంకా చిరుగుతోందా?"

"ఇంకా చిరుగుతోంది."

ఉపమేయం నొప్పి. ఉపమానం గుడ్డ. "అలా" అన్నది ఉపమావాచకం. సర్రున, పైనుంచి కిందికి, ఆగకుండా చిరగటం సమానధర్మం. నాలుగూ ఉన్నాయి. అంత పూర్ణమైన ఉపమను నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నేను తేరుకునేసరికి ఆయా అక్కడ లేదు. వరండా చివర ఆమె గొంతు వినిపిస్తోంది. "పొడవటం కాదు డాక్టరుగారూ, చిరుగుతోందంట. వీపుదాకా."

"ఎవరన్నారు?"

"ఆవిడే. వాళ్లాయన కాదు."

డాక్టరు పరుగున వచ్చి రెండు చేతులకూ బీపీ చూశాడు. ఒక చేతికి ఒక అంకె, రెండో చేతికి ఇంకొకటి. ఆయన ముఖంలో రంగు మారింది. స్కానింగులో తెలిసింది, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం లోపలి పొర నిలువునా చీలుతోంది. ఆపరేషనుకు ఏడు గంటలు పట్టింది. "మిమ్మల్ని సాయంత్రం ఇంటికి పంపించి ఉంటే..." అని మొదలుపెట్టిన పెద్ద డాక్టరు ఆ వాక్యం పూర్తి చేయలేదు.

తర్వాతి మూడు వారాలూ నేను ఆయా వెనక పిల్లాడిలా తిరిగాను. ఇదెక్కడ నేర్చుకున్నావని అడిగితే, తుడుపుగుడ్డ పిండుతూ చెప్పింది.

"మా ఆయన తాపీమేస్త్రి. ఒకరోజు పని నుంచొచ్చి 'ఒకలా ఉందే' అన్నాడు. ఒకలా అంటే ఎలా అని నేనడగలేదు. భోజనం పెట్టాను. తెల్లారేసరికి లేడు. అడిగుంటే చెప్పేవాడు సార్. గోడల మనిషి, గోడల్తో చెప్పేవాడు."

బకెట్టులో నీళ్లు మారుస్తూ తనే మళ్లీ అంది. "పని ఎగ్గొట్టడానికి ఇక్కడికొచ్చేవాళ్లకి నొప్పి చెప్పాలంటే కొండలూ పిడుగులూ కావాలి. నిజంగా నొప్పున్నవాళ్లు ఇంట్లో సామానుతోనే చెప్తారు. బడిలో గంట కొట్టే ఒకావిడ, గంట కొట్టాక మిగిలే మోతలా ఉంది తలలో అంది. ఎంత బాగా చెప్పిందో!"

అతిశయోక్తికీ స్వభావోక్తికీ తేడా చెప్పటానికి నాకు మూడు పీరియడ్లు పట్టేది. ఆగలేక, ఆమె అడిగేదాన్ని ఉపమ అంటారనీ, దానికి నాలుగు భాగాలనీ చెప్పాను.

"ఓహో, దీనికి పేరు కూడా ఉందా! పేరు తెలిస్తే ఇంకా బాగా అడగొచ్చా?"

"లేదు."

"అయితే మీ దగ్గరే ఉంచండి సార్" అని బకెట్టు ఎత్తుకుంది.

ఒక్క అలంకారాన్ని మాత్రం నేను పిల్లలచేత ఒప్పించలేకపోయాను. అనన్వయం. పోల్చటానికి వేరే ఏదీ దొరక్క, ఒకదాన్ని దానితోనే పోల్చటం. "అదేం పోలిక సార్, తొండి!" అనేవాళ్లు. నాకూ లోలోపల అలాగే ఉండేది.

ఇంటికి పంపే రోజు ఉదయం, ఆయా మంచం పక్కకొచ్చి ఎప్పటిలా అడిగింది.

"దేనిలా ఉందమ్మా?"

నా భార్య అలవాటు కొద్దీ నావైపు చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను. బయట ఎవరో మెట్లు కడుగుతున్నారు. వెనక నుంచి నా భార్య గొంతు వినిపించింది.

"దేనిలానూ లేదక్కా. నాకు నాలాగే ఉంది."

ఇన్ని రోజులూ ఆ మాట కోసమే చూస్తున్నట్టు, ఆయా మంచం మీది దుప్పటి లాగి మడతపెట్టటం మొదలుపెట్టింది.