ఒక్క గుంజుకు లేచిన ఇంజన్

మంచుకొండల్లోని ఫౌజు పోస్టుకు చేరింది అక్టోబరు మొదటి వారంలో, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు. ఎత్తు పదిహేడు వేల అడుగుల పైన. చివరి నాలుగు గంటలు నడుముకు తాడు కట్టుకొని నడిచాం. నా సంచిలో స్లీపింగ్ బ్యాగు, రెండు జతల గ్లౌజులు, ఆరు స్పార్క్ ప్లగ్గులు, పానాల మూట. పానాలు నా సొంతం. ఫౌజుకు పోకముందు జనగామలో నేను పని నేర్చుకున్న షాపు ఓనరు ఇచ్చాడు. పోస్టు పేరు చెప్పను. చెప్పినా మీకు పటంలో దొరకదు.

మొత్తం తొమ్మిది మందిమి. సుబేదారు సాబ్ పోస్ట్ కమాండర్. వంటవాడు, నర్సింగ్ అసిస్టెంట్, రేడియో ఆపరేటర్, మెకానిక్‌గా నేను. మిగతావాళ్ళు కాపలా. అందరి మధ్యా హిందీయే. రేడియో ఆపరేటర్‌ది మాత్రం భూపాలపల్లి. నాది పెద్దవంగర అని తెలియగానే నా చేతిలో సంచి అందుకున్నాడు.

"ఇగ తెలుగుల తిట్టుకోనీకి ఒక మనిషి దొరికిండన్న" అన్నాడు.

నా పని రెండు ఇంజన్లు చూసుకోవడం. పెద్దవేం కావు. ఇక్కడ మనం గడ్డి కోసే మిషన్లకు, చిన్న ట్రాక్టర్లకు వాడే పెట్రోలు ఇంజన్ల సైజే. వాటితోనే రేడియో బ్యాటరీలు చార్జింగ్ చేయాలి. ఒకటి పాతది, ఇనుప దిమ్మె. ఇద్దరు పట్టుకుంటే గాని కదలదు. రెండోది కొత్తది, అల్యూమినియం, ఒక్కడు చంకన పెట్టుకొని పోవచ్చు. పాతదాన్ని అందరూ ముసల్ది అనేవారు. అది లేవడానికి ఎనిమిది గుంజులు, ఒక్కోరోజు పన్నెండు. ఆ ఎత్తులో పన్నెండుసార్లు తాడు గుంజితే కళ్ళ ముందు చుక్కలు కనిపిస్తాయి. కొత్తది ఒక్క గుంజుకు లేచేది.

నవంబరులో దారి మూసుకుపోయే ముందు చివరిసారి కూలీలు సామాను తెచ్చారు. వాళ్ళతో పాటే ఒక ఆర్డరు వచ్చింది. కింది పోస్టు ఇంజన్ పాడైంది, మీ రెండింటిలో ఒకటి పంపండి. ఏది ఉంచాలో పన్నెండు రోజులు పరీక్షించి రాసివ్వమని సాబ్ నాకు చెప్పాడు. చలికాలమంతా ఇక్కడ ఒక్కటే ఉంటుంది, ఆలోచించి రాయి అన్నాడు.

నేను జనగామ లెక్కతో చూశాను. మా షాపులో ఇంజన్‌కు పరీక్ష ఒక్కటే. కొనడానికి వచ్చినవాడు తాడు గుంజుతాడు. ఒక్క గుంజుకు లేస్తే మంచి మిషను, మూడు పడితే ముఖం తిప్పుకొని పోతాడు. రిపేరు చేసినవాడి పేరు కూడా ఆ ఒక్క గుంజు మీదే నిలబడుతుంది. అందుకే పన్నెండు రోజులూ రెండింటినీ పొద్దున ఏడింటికి లేపి, ఎన్ని గుంజులు పట్టాయో రాసుకున్నాను. నలభై నిమిషాలు నడిపి ఆపేశాను. పెట్రోలు కొలిచి వాడాలి కాబట్టి అంతకన్నా నడపలేదు. రోజూ మాకు కావలసింది కూడా అంతే.

రేడియో ఆపరేటర్ నా కాగితం చూసి ఒప్పుకోలేదు.

"అన్నా, గా ముసల్దాన్నే ఉంచరాదే. లేవనీకి సతాయిస్తది గని, లేసినంక మనల్ని సతాయియ్యది."

పొద్దున చాయ్‌కి చలి కాచుకునే పొయ్యి పోతుందని నీ బాధ అని నవ్వాను. నిజమే, ముసల్దాని సైలెన్సర్ దగ్గర నిలబడి చాయ్ తాగడం అతనికి అలవాటు. అతనూ నవ్వాడు. కొత్తదాన్ని ఉంచాలని రాసి సంతకం పెట్టాను. మర్నాడు తొమ్మిదింటికి ముసల్దాన్ని మంచు మీద లాగే స్లెడ్జికి కట్టి కింది పోస్టుకు దించారు.

ముసల్ది పోయిన తొమ్మిదో రోజు. అంతకు ముందు రెండు రోజులు మంచు తుఫాను. ఇంజన్ బయటికి తీయలేదు, బ్యాటరీలు దాదాపు ఖాళీ. పొద్దున ఐదున్నరకు వంటవాడు వచ్చి లేపాడు. రేడియో ఆపరేటర్ దగ్గుతున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది, ఈరోజే కిందికి దించాలి అని నర్సింగ్ అసిస్టెంట్ చెప్పాడు. ఆక్సిజన్ పెట్టాడు. ఆరూ పదికి సాబ్ బేస్‌తో మాట్లాడాడు. మబ్బు తెరుచుకున్న నిమిషం చెప్పండి, హెలికాప్టర్ సిద్ధంగా ఉంటుంది, అరగంటకోసారి వాతావరణం చెబుతూ ఉండండి అన్నారు. కింది పోస్టుకు ఉన్న టెలిఫోను తీగ తుఫానులో తెగిపోయింది. ఇక రేడియో తప్ప ఏమీ లేదు.

ఏడూ నలభైకి తాడు గుంజాను. ఒక్క గుంజుకు లేచింది. వంటవాడు నా వీపు తట్టాడు.

తొమ్మిదీ ఐదుకు ఆగిపోయింది.

ఇంజన్‌కు లోపలి ఆవిరి వదలడానికి ఒక చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. కొత్తదానికి ఆ గొట్టం పొడుగ్గా బయటి నుంచి పోతుంది. ముసల్దానికి వేడి సైలెన్సర్ పక్కనే పొట్టిగా ఉండేది. బయటి గొట్టంలో ఆవిరి గడ్డకట్టింది. లోపలి ఒత్తిడి, ఆయిల్ కారకుండా ఆపే సీలును తోసేసింది. ఆయిలంతా మంచులోకి కారిపోయింది, పిస్టన్ పట్టేసింది. నలభై నిమిషాల్లో గొట్టం మూసుకుపోదు. గంటకు పైగా నడిపితే పోతుంది. ఆ గంట నేను ఏనాడూ నడపలేదు.

గ్లౌజులు తీసి విప్పాను. వేళ్ళ చర్మం లోహానికి అంటుకొని ఊడింది. నొప్పి తెలియలేదు. తాడు బిగుసుకుపోయింది, అంగుళం కూడా రాలేదు. తొమ్మిదీ నలభైకి వంటవాడు, ఒక కాపలా జవాను తాడు కట్టుకొని కింది పోస్టుకు బయలుదేరారు. మామూలుగా రెండు గంటల దారి. కొత్త మంచు నడుముదాకా ఉంది. చలికి బిగుసుకున్న ఖాళీ బ్యాటరీలకు చార్జింగు సరిగా ఎక్కలేదు, ఎక్కిన కాస్త పదిన్నరదాకా వచ్చింది. తర్వాత రేడియోలో గుర్రుమనే శబ్దం కూడా లేదు.

పన్నెండూ యాభైకి మబ్బు తెరుచుకుంది. ఎండ వచ్చింది. కింద లోయ మొత్తం కనిపించింది. సాబ్ బయట నిలబడి గడియారం చూస్తున్నాడు. ఒంటిగంటా ముప్ఫై ఐదుకు మళ్ళీ మూసుకుంది.

నేను లోపలికి పోయి రేడియో ఆపరేటర్ పక్కన కూర్చున్నాను. మాస్కు పక్కకు జరిపి అడిగాడు.

"లేసిందా అన్న?"

లేచింది అన్నాను. ఒంటిగంటా యాభై ఐదుకు పోయాడు.

వంటవాడు కింది పోస్టుకు చేరింది రెండూ పదికి. అక్కడ మా ముసల్ది ఉంది. ఎనిమిది గుంజులకు లేచిందట. దానితోనే బేస్‌కు చెప్పారు. మర్నాడు పొద్దున ఏడింటికి హెలికాప్టర్ వచ్చింది. ముసల్ది అప్పటికీ ఆగకుండా నడుస్తూనే ఉందని తర్వాత చెప్పారు. నాకు ఏడుపు రాలేదు. ఆ రోజు ఆరుగురికి రొట్టెలు నేనే చేశాను.

విచారణలో నా తప్పేమీ లేదని తేల్చారు. రెండేళ్ళ తర్వాత సర్వీసు పూర్తయి ఇంటికి వచ్చాను. మొదట భూపాలపల్లి, రేడియో ఆపరేటర్ ఇంటికి పోయాను. అతని నాయిన గనిలో నీళ్ళు తోడే పంపుల మీద పనిచేసి రిటైరైనవాడు. ఏది ఉంచాలో రాసింది నేనే బాపూ అని చెప్పాను. ఆయన చాలాసేపు నా వేళ్ళ వైపు చూశాడు.

"దేన్ని చూసి మంచిదన్నవ్?"

"ఒక్క గుంజుకు లేస్తదని."

"మా పంపు లేవనీకి గంట సతాయిచ్చినా ఏం గాకపోవు బిడ్డా. ఆగితేనే లోపలున్నోళ్ళకు గండం."

కోపంతో అనలేదు. పని నేర్పే మనిషిలా అన్నాడు. తర్వాత అన్నం తిని పొమ్మన్నాడు. తిన్నాను. రుచి తెలియలేదు.

ఇప్పుడు కొడకండ్లలో నాకు చిన్న షాపు ఉంది. కలుపు తీసే మిషన్లు, గడ్డి కోసే మిషన్లు, చిన్న ట్రాక్టర్లు రిపేరు చేస్తాను, పాతవి అమ్ముతాను. దేవరుప్పుల నుంచి ఒక అక్క మొన్న కలుపు మిషను కోసం వచ్చింది. తాడు గుంజింది. ఒక్క గుంజుకు లేచింది. బండిలో పెట్టమంది. కూర్చో అక్కా అన్నాను. రెండు గంటలు నడిపి, గొట్టం, సీలు, ఆయిల్ చూసి గాని ఇవ్వలేదు. ఫౌజాయన షాపుకు పోవాలంటే సద్ది కట్టుకొని పోవాలని ఊళ్ళో నవ్వుకుంటారు. నవ్వనీ. ఏ ఇంజన్ మంచిదని మీరు అడిగితే, నాకు తెలిసిన జవాబు ఆ రెండు గంటలే.

ఒక్కటి మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. ముసల్దాన్ని దించిన మర్నాటి పొద్దున. అది ఉన్న చోట మంచు లేదు. ఆయిల్ తాగిన రాళ్ళు, మంచం అంత వెడల్పున నల్లటి మచ్చ. చుట్టూ అంతా తెలుపు. రేడియో ఆపరేటర్ చాయ్ గ్లాసుతో వచ్చి అలవాటు కొద్దీ అక్కడే నిలబడ్డాడు. సైలెన్సర్ ఉండే ఎత్తుకు ఎడమ చెయ్యి చాపాడు. ఏమీ లేదని గుర్తొచ్చి నా వైపు చూసి నవ్వాడు. చెయ్యి మాత్రం అట్లాగే చాపి ఉంచాడు.