గుడ్డ కింద మామిడి పేజీ

వెబ్‌సైట్లు చేయడం నాకు బాగా వచ్చని ఆ రోజుల్లో నాకొక్కడికే తెలుసు. కొత్తగూడెంలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో గని కార్మికుల పిల్లలకు టైపింగ్ నేర్పేవాణ్ని. తీరిక దొరికినప్పుడు ఇన్‌స్టిట్యూట్‌కే ఒక వెబ్‌సైట్ చేశాను. అందులో మా సారు ఫొటో చుట్టూ నక్షత్రాలు తిరిగేవి. ఆ నక్షత్రాలను చూసే అడవి అంచున ఉన్న ఒక సంఘం వాళ్లు నన్ను పిలిపించారు. ఇంతకంటే చిన్న కారణాలకు పెద్ద ఉద్యోగాలు వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి నేనేమీ సిగ్గుపడలేదు.

సంఘమంటే అడవి సరుకు సంఘం. బూర్గంపాడు దాటాక బస్సు దిగి, ఒక గంట నడిస్తే రేకుల గది. చుట్టూ ఉన్న ఏడు గూడేల వాళ్లు తేనె, చింతపండు, కరక్కాయలు, చీపుర్లు తెచ్చి అక్కడ తూకం వేయిస్తారు. ఎండాకాలం మామిడికాయలు వస్తాయి. ఆడవాళ్లు అక్కడే కోసి, ఎండబెట్టి, ఒరుగులు చేస్తారు. పట్నంలో కొనేవాళ్లకు ఇవన్నీ చూపించడానికే వెబ్‌సైట్. ఎవరో దయగలవాళ్లు ఒక పాత కంప్యూటరూ, ఒక టెలిఫోన్ లైనూ ఇప్పించారు. గాలి వీయనప్పుడు లైను పనిచేసేది. గాలి వీయనప్పుడు ఆ రేకుల కింద మనిషి పనిచేయలేడు. రెండింటికీ మధ్య రోజుకు ఓ రెండు గంటలు దొరికేవి.

సంఘం కార్యదర్శి ఒక అక్క. ఆ గూడేల్లోనే పుట్టి పదో తరగతి దాకా చదివిన మనిషి. సంతలో వ్యాపారి దగ్గరికి పోయే సరుకును ఈ గదికి మళ్లించడానికి నాలుగేళ్లు గూడెం గూడెం తిరిగిందట. మొదటి రోజే నాకు విషయం చెప్పేసింది.

"ఒక్క గూడెం మానేస్తే వచ్చే సంతకు ఇంకో రెండు మానేస్తయి తమ్మీ. ఆ తర్వాత గీ గదిల కోళ్లు పెంచుకోవాలె."

ఆ మాట బాధగా అనలేదు. బస్సు ఎన్ని గంటలకో చెప్పినట్టు చెప్పింది. నేను ఓదార్పు మాట ఒకటి సిద్ధం చేసుకున్నాను గాని, దానికి ఎక్కడా సందు దొరకలేదు.

గదిలో ఒక నల్లబల్ల ఉండేది. ఎడమ సగంలో ఆ వారం తీసుకునే సరుకు పేర్లు, ఏది ఎలా శుభ్రం చేసి తేవాలో, ఏ గూడెం ఏ రోజు రావాలో సుద్దతో గుండ్రటి అక్షరాల్లో ఉండేవి. కుడి సగం మీద పాత దుప్పటి ముక్క వేలాడేది. దుమ్ము పడకుండా కప్పారనుకున్నాను. సగం బల్లకే దుమ్ము ఎందుకు పడుతుందో ఆలోచించేంత తెలివి అప్పటికి నాకు లేదు.

నేను ఒక సీడీలో మూడు సిస్టమ్‌లు తెచ్చాను. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని వాటి పూర్తి పేరు. పేజీ మార్చాలన్నప్పుడల్లా కోడ్ రాయకుండా, ఫారం నింపినట్టు నింపి మీట నొక్కితే పేజీ తయారైపోయే ఏర్పాటు అది. మూడూ ఉచితమే. ఉచితంగా వచ్చినదాన్ని ఎంచుకోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. మొదటిది చూడ్డానికి బాగుంది. రెండోదానికి తెలుగక్షరాలు పడవు, ప్రతి అక్షరానికీ ఒక డబ్బా చూపించేది. మూడోది లావుపాటి పుస్తకం చదివితే గాని కదలదు. ఆ పుస్తకం నేను చదవలేదు కాబట్టి అది ఎవరికీ పనికిరాదని తేల్చేశాను.

అక్క మూడింటినీ ఓపికగా చూసింది. రంగుల గురించి అడగలేదు. నక్షత్రాల ఊసెత్తలేదు.

"రాసిపెట్టి, చూపకుంట ఉంచొచ్చా?" అని అడిగింది.

"దాచుకునేదానికి వెబ్‌సైట్ ఎందుకక్కా, బీరువా ఉన్నది కదా" అని నవ్వాను.

అక్క నవ్వలేదు. ఇంకోసారి అడగనూ లేదు. నేను మొదటిదాన్ని ఎంచాను. అందులో రాసి మీట నొక్కితే లోకమంతా కనబడుతుంది. మధ్యలో ఇంకో మజిలీ లేదు. లోకమంతా అంటే మొదటి నెలలో నేనూ, అక్కా, కొత్తగూడెంలో నా తోటి టీచరూ.

తేనె పేజీ చేశాను, చీపుర్ల పేజీ చేశాను. ఎండలు ముదిరే సరికి నాకు చేయి తిరిగింది. ఒక రోజు అక్క గూడేలకు పోయింది. ఖాళీగా కూర్చోలేక మామిడి పేజీ కూడా చేసేశాను. అక్క పెట్టెలో పోయినేటి మామిడికాయల ఫొటో ఒకటి దొరికింది. దాని మీద "కొత్త మామిడి వచ్చేసింది, ఆలసించిన ఆశాభంగం" అని ఎర్రక్షరాలతో రాసి మీట నొక్కాను. ఆ రోజు హాయిగా ఇంటికెళ్లి అన్నం తిన్నాను.

నాకు తెలియనిది ఒకటుంది. ఆ గూడేల్లో ఏ కొత్త పంటైనా, కాయైనా ముందు దేవతకు పెట్టాలి. దాన్ని 'కొత్త పెట్టడం' అంటారు. మామిడికి కొత్త పెట్టేదాకా పిల్లలు కూడా చెట్టు కింద రాలిన కాయ కొరకరు. అమ్మడం సంగతి సరేసరి. ఏడు గూడేల పెద్దలు కూర్చుని రోజు పెడతారు. ఆ సంవత్సరం ఇంకా రోజు పెట్టలేదు.

నాలుగో రోజు పెద్దాయన వచ్చాడు. ఏడు గూడేల్లోకీ వయసులో పెద్ద, అందరూ మాట వినే మనిషి. చేతిలో ఒక కాగితం. ఒక గూడెం బడిపంతులు భద్రాచలంలో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి మన పేజీ చూసి, ముచ్చటపడి, ప్రింట్ తీసి గూడెంలో చూపించాడట. మంచి ఉద్దేశంతోనే. లోకంలో చాలా నష్టాలు ఆ ఉద్దేశంతోనే జరుగుతాయి.

పెద్దాయన కాగితం బల్ల మీద పరిచాడు. "గీ కాయ ఏ చెట్టుది?"

"అది పోయినేటి ఫొటో తాతా" అన్నాను.

"ఫొటో పోయినేటిది. మాట ఈ యేటిది."

అక్క ముందుకొచ్చింది. "తప్పు సంఘానిది మామా."

అప్పుడు నేను వీరుడిలా లేచి నిలబడి, "కాదు, తప్పు నాది" అన్నాను.

"అది కనబడుతనే ఉన్నది, కూసో" అన్నాడు పెద్దాయన. తర్వాత అక్కతో అన్నాడు: "సంఘపోళ్లు మనకన్న ముందే కోసిన్రా అని గూడేలల్ల అడుగుతున్నరు. కోయలే అని నాకు ఎరికె. నేను చెప్తే సాలదు. ఇట్ల మల్ల కాదని తేలేదాక ఏ గూడెం సరుకూ రాదు బిడ్డా."

ఆయన కోపంగా ఉంటే బాగుండేది. చాలా మర్యాదగా మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఆ సంతరోజు గదికి ఎవరూ రాలేదు. కాటా దూలానికి ఊరికే వేలాడింది. గది ముందు నుంచే రెండు బళ్లు సంత వైపు, ఆ పాత వ్యాపారి వైపు పోయాయి. బండి మీద ఉన్నవాళ్లు అక్కకు తల వంచి మరీ పోయారు. అక్క మధ్యాహ్నం దాకా తలుపు దగ్గరే కూర్చుంది. పేజీ తీసేశానని ధైర్యం చెప్పాను. "తీసేస్తే పంతులు చేతిల కాగితం కూడ పోతదా?" అంది.

తర్వాత లేచి వెళ్లి నల్లబల్ల మీది దుప్పటి ముక్క ఎత్తింది.

దాని కింద మామిడి ఉంది. ఏ సైజు కాయ ఒరుగులకు, ఏది పచ్చడికి, ఎన్ని చాపలు కావాలి, ఎండబెట్టడానికి ఏ రోజు ఏ గూడెం ఆడవాళ్లు రావాలి, అన్నీ ఉన్నాయి. తేదీ ఉండాల్సిన చోట మాత్రం గీత గీసి ఖాళీగా వదిలింది.

"ముందుగాల రాసుకోకుంటె పని నడవదు. రాసింది కనబడితె కొత్త పెట్టకముందే మొదలువెట్టినట్టు. అందుకే గుడ్డ. పెద్దమనిషి వచ్చి తీస్తడు" అంది. "నీ పేజీకి గుడ్డ ఉన్నదా, లేదా?"

"మూడోదానికి ఉన్నదక్కా."

"మొదటి రోజే అడిగిన."

"అడిగినవ్."

"నవ్వినవ్."

"నవ్విన."

ఇక ఆ లావు పుస్తకం చదవక తప్పలేదు. ఆ మూడో సిస్టమ్‌లో పేజీ రాసేవాడు ఒకడు, సరిచూసేవాడు ఒకడు, బయటకు వదిలేవాడు ఒకడు. ఎవరి తలుపు వాళ్లది. ఈ మాటను ఆ పుస్తకం నలభై పేజీల్లో చెప్పింది. అక్కకు చెబితే, "మరి ఇంకెట్లుంటది?" అంది. రాసే పని ఒరుగులు కోసే ఆడవాళ్లలో చదువుకున్న ఇద్దరికి ఇచ్చింది. సరిచూసేది తాను. వదిలేది పెద్దాయన.

"ఇవన్నీ మార్చే అధికారం ఎవరికుంటది?" అని అడిగింది.

"నాకు."

"ఎందుకు?"

"పాస్‌వర్డ్ నా దగ్గర ఉంది కదక్కా."

"నీకు ఈడ పొలం లేదు, ఇల్లు లేదు. రేపు ఏ ఊరికి పోతవో నీకే తెల్వదు. అన్ని తాళాలు నీ నడుముకెందుకు?"

పాస్‌వర్డ్ రెండు ముక్కలైంది. ముందు సగం అక్కకు, వెనక సగం ఏడు గూడేల్లో అన్నిటికంటే దూరపు గూడెం నుంచి వచ్చే ఒక ముసలమ్మకు. ఆమె సగం తన పసుపు డబ్బాలో పెట్టుకుంది. ఇద్దరూ కలిస్తే గాని నేను కూడా లోపలికి వెళ్లలేను. ఆ తర్వాతి ఏళ్లలో పట్నంలో పెద్ద కంపెనీల్లో పనిచేశాను. ఇదే సంగతిని చల్లటి గదిలో రెండు రోజులు బొమ్మలు గీసి నేర్పారు. నేను పసుపు డబ్బా గురించి చెబితే అందరూ జోకనుకున్నారు. నన్ను బట్టి వాళ్లలా అనుకోవడం న్యాయమే.

పాత పేజీలను కొత్తదానిలోకి మారిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైంది. తేనె గురించి రెండు పేజీల నిండా ప్రశ్నలే. అన్నీ మళ్లీ టైపు చేశాం. ఆ ఇద్దరిలో చిన్నామె రెండు వేళ్లతో కొట్టేది, నెమ్మదిగా, ఒక్క తప్పు లేకుండా. నేను పది వేళ్లతో కొట్టి, పది వేళ్లతో దిద్దుకునేవాణ్ని.

ఒక ఉదయం అక్క పెద్దాయనను పిలిపించింది. తన వైపు నుంచి మామిడి పేజీ తెరిచి చూపించింది. కాయ ఉంది, మాట ఉంది. తేదీ దగ్గర ఖాళీ ఉంది. తర్వాత బయటివాళ్లు చూసే వైపు తెరిచింది. తేనె ఉంది, చీపుర్లు ఉన్నాయి, మామిడి లేదు.

"గీడ లేకుంటే సరా? కొత్తగూడెంల కనబడదని ఏం గ్యారంటీ?" అన్నాడు పెద్దాయన. కంప్యూటర్ చదువుకున్న నాకు రావాల్సిన ఆ ప్రశ్న ఆయనకు వచ్చింది.

నెట్ ఆపి, అదే లైను మీద నా తోటి టీచరుకు ఫోన్ చేశాను. "మామిడి ఉన్నదా చూడు."

"నువ్వు తిన్నవా పొద్దున?" అన్నాడు వాడు.

పెద్దాయన ఫోన్ తీసుకున్నాడు. "బిడ్డా, నేను పెద్దమనిషిని మాట్లాడుతున్న. సక్కగ చూసి చెప్పు." చాలాసేపు విన్నాడు. "లేదంట" అని ఫోన్ నాకిచ్చాడు. వాడు ఆ రోజు జీవితంలో మొదటిసారి ఎవరినైనా 'అయ్యా' అన్నాడని తర్వాత నాకు తెలిసింది.

"చెరిపేసిన ఆ పాత పేజీ ఏమైంది?" అని అడిగాడు పెద్దాయన. కొత్త సిస్టమ్‌లో ఎవరు ఏ మార్పు చేశారో పేరుతో సహా నిలిచిపోతుందని చెప్పాను. "అయితే అది కూడ లోపట పెట్టు. గుడ్డ కిందనే. ఎవరు రాసిండ్రో పేరు వెట్టు" అన్నాడు. పెట్టాను. నా పేరు తప్పుల్లేకుండా పడింది.

నాకు తప్పు వేశారు. జరిమానా ఒక కోడి. బూర్గంపాడులో తెల్లగా, బొద్దుగా ఉన్న బ్రాయిలర్ కోడిని కొని బస్సులో తెచ్చాను. పెద్దాయన దాన్ని రెండు వైపులా చూసి, "ఇది కోడి గాదు, కోడి ఫొటో" అన్నాడు. మళ్లీ పోయి నాటుకోడిని తెచ్చాను. అది దారంతా నన్ను పొడిచింది.

కొత్త పెట్టిన రోజు పొద్దున దేవత దగ్గర పని ముగించుకుని పెద్దలు గదికి వచ్చారు. పెద్దాయన ముందు నల్లబల్ల మీది గుడ్డ తీశాడు. అక్క ఖాళీలో తేదీ రాసింది. తర్వాత ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అక్క మౌస్ మీద చేయి పెట్టించింది. ఆయన నొక్కాడు. లైను ఆలోచించసాగింది. ఏడు గూడేల పెద్దలు, ఆడవాళ్లు, నేను, అందరం తెర మీద తిరిగే చిన్న చక్రాన్ని చూస్తూ నిలబడ్డాం. ఎవరైనా రెండు కట్టెల మోపులు విప్పి మళ్లీ కట్టేంత సేపు పట్టింది.

"మా గుడ్డ ఇంతకన్న జల్దీ లేస్తది" అన్నాడు పెద్దాయన.

నెట్ ఆపగానే ఫోన్ మోగింది. తోటి టీచరు. ఈసారి వాడు నన్ను పలకరించనే లేదు. "తాతకు చెప్పు, వచ్చింది" అన్నాడు.

ఆ తర్వాతి సంతరోజు అక్క పొద్దున్నే కాటా తుడిచింది. మొదటి గూడెం మామిడి బండి వచ్చింది. రెండోది వచ్చింది. వచ్చిన గూడెం పేరు వచ్చినట్టు బల్ల మీద రాస్తోంది. మధ్యాహ్నానికి ఆరు పేర్లయ్యాయి. ఏడోది రాలేదు. అన్నిటికంటే దూరపు గూడెం, పసుపు డబ్బా ముసలమ్మది. అక్క సుద్దముక్క చేతిలోంచి దించలేదు. అన్నం ముట్టలేదు. నాకు వచ్చే జోకులన్నీ ఆ పూట గొంతులోనే ఉండిపోయాయి, వాటికిదే మొదటి సెలవు.

పొద్దు వాలుతుండగా బండి మలుపు తిరిగింది. కాయల బుట్టల మీద ముసలమ్మ కూర్చుని ఉంది.

"ఏంది అత్తా, ఇంత ఆలస్యం?" అంది అక్క.

"ఎద్దు కూసున్నదే" అంది ముసలమ్మ.

అక్క వెళ్లి ఏడో పేరు రాసింది. అప్పుడు చెయ్యి కడుక్కుని, టిఫిన్ డబ్బా మూత తీసింది.