పన్నెండు రోజుల్లో పన్నెండేళ్ల విస్కీ

అత్తారింట్లో పరువు పోగొట్టుకోవడానికి మార్గాలు చాలా ఉన్నాయి. నేను కనిపెట్టిన మార్గంలో ఇంకెవరూ నడిచి ఉండరు. వినండి.

దుబాయి హోటల్లో పనిచేసే రోజుల్లో, సెలవుకు వచ్చేటప్పుడు పన్నెండేళ్ల విస్కీ తెస్తానని సిరిసిల్లలో ఉన్న మా మామకు మాటిచ్చాను. తెచ్చాను కూడా. కానీ విమానాశ్రయం నుంచి మా ఊరు కోరుట్ల చేరేలోపే కారులో దోస్తులతో కలిసి ఆ పన్నెండేళ్లనూ నాలుగు గంటల్లో ఖతం చేశాను. వాళ్ల తప్పేం లేదు. మూత తీసింది నేనే.

"సీసా ఏది అల్లుడా?" అన్నాడు మామ, వాళ్లింటి గుమ్మంలోనే.

"కార్గోల వస్తుంది మామా."

నిజం చెప్పడానికి నోరు రాలేదు. పైగా నా దగ్గర విద్య ఉందాయె! విస్కీ పుట్టినప్పుడు నీళ్లలా ఉంటుందనీ, లోపల కాల్చిన ఓక్ కట్టె పీపాలో ఏళ్ల తరబడి ఉండి, వేడికి కట్టెలోకి ఇంకి, చలికి బయటికి వచ్చి, రంగూ తీపీ పొగవాసనా తెచ్చుకుంటుందనీ హోటల్లో విన్నాను. అంటే రుచంతా కట్టెదే కదా! కట్టెలో విస్కీ పోయలేనివాడు విస్కీలో కట్టె వేస్తే సరి. చలిదేశంలో పన్నెండేళ్లు పట్టే పని సిరిసిల్ల ఎండకు పన్నెండు రోజుల్లో కాదా?

మామ ఇంటి అటక మీద, నూనె పట్టి నున్నబడ్డ పాత నాడె దొరికింది. మగ్గంలో దారాన్ని అటూ ఇటూ మోసే, చిన్న పడవలాంటి కట్టె అది. మా ఇంట్లో మగ్గం తాతతోనే పోయింది కనుక నాకది వట్టి కట్టెముక్క. కోసి, కాల్చి, చవక విస్కీలో వేసి, రేకుల మీద ఎండలో పెట్టాను. ఆవకాయను కూడా ఎవరూ అంత శ్రద్ధగా ఊరబెట్టి ఉండరు.

"ఏందయ్యా గది?" అంది మా ఆవిడ సుజాత.

"దగ్గు మందు."

"గింత మందుకు ఎంత దగ్గు రావాలె?"

ఆదివారం మధ్యాహ్నం, వడగట్టిన సరుకును ఆ ఖాళీ విదేశీ సీసాలోనే పోసి, కార్గో వచ్చిందని మామ ముందు పెట్టాను. ఒక్క గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు.

"ఎట్లుంది మామా? ఓక్ కట్టె రుచి!"

"గా చెట్టు నాకెరుక లేదు గని, గీ రుచి ఎరుకే. నలభై ఏండ్ల సంది."

"బాపూ! గన్నేండ్ల సంది తాగుతున్నవా?" సుజాత అదిరిపడింది.

"మందు గాదే. దారం ఒడిసి కొత్త కండె పెట్టినప్పుడల్లా నాడె బెజ్జానికి నోరు వెట్టి దారం గుంజేటోన్ని. గదే నూనె, గదే కట్టె." నావైపు తిరిగాడు. "అల్లుడా, నా నాడె ఏది?"

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు. మామది బట్టతల. నేరుగా కాళ్లే పట్టుకుని కారూ, దోస్తులూ, రంపమూ అన్నీ ఒప్పుకున్నాను.

"మగ్గం అమ్మిన నాడు గదొక్కటే దాసుకున్న," అన్నాడు మెల్లగా. తిట్టినా బాగుండేది. గ్లాసు ముందుకు జరిపాడు. "ఇంకింత పొయ్యి. మల్ల నోటికి అందుతదనుకోలే."

రెండో గ్లాసు కూడా కళ్లు మూసుకునే తాగాడు. కళ్లు తుడుచుకుని, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"కట్టెకు వంక లేదు. గింత నాసి మందు ఏడ దొరికింది అల్లుడా?"

ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: అత్తారింట్లో చపాతీ కర్రనైనా మామ అనుమతి లేనిదే ముట్టను. అబద్ధమంటూ ఆడితే, ఆయన నోరు పెట్టని వస్తువు మీదే ఆడతాను. కాదు కాదు, అసలు ఆడనే ఆడను.