ఒక్కటీ మిగలని సంఖ్య

డెబ్బైల మొదట్లో పటాన్‌చెరు దగ్గర ఓ కార్ఖానా స్టోర్సులో గుమాస్తాగా చేరాను. కృష్ణా జిల్లా నుంచి లెక్కల డిగ్రీ ఒకటి చంకన పెట్టుకొచ్చినవాణ్ణి. ఎవరు దొరికితే వాళ్ల మీద దాన్ని ప్రయోగించేవాణ్ణి.

ఒకరోజు రెండువేల ఐదువందల ఇరవై బోల్టులు దిగాయి. కాగితం మీద ఆ అంకె చూడగానే నాకు పండగే. ఒకటి నుంచి పది దాకా దేంతో భాగించినా శేషం రాని సంఖ్యల్లో అన్నిటికన్నా చిన్నది అదే. వాటిని లెక్కపెట్టడానికి పక్క ఊరి నుంచి ఒకావిడ కూలికి వచ్చేది. ఆమె చెలక, ఉన్న ఆ కాస్త మెట్టనేల, కార్ఖానా కిందే పోయింది, ఈ పని తప్ప మరో ఆధారం లేదు. ఆమె అడక్కపోయినా ఆ సంఖ్య గొప్పంతా వర్ణించాను.

"నీ ఇష్టమొచ్చినట్టు పోగులెయ్యమ్మా. పదిలోపు ఎన్నేసి పెట్టినా ఒక్కటీ మిగలదు."

సాయంత్రం బస్సుకి పరిగెడుతూ చెప్పింది: "పిడికిట్ల పట్టినన్ని ఏసిన సారూ. ఆరున్నొకటి. లెక్క అయిపోయింది."

ఆరేసి పోగులు, పైన ఒకటి మిగిలింది అనుకున్నాను. ఆరుతో భాగిస్తే ఒకటి మిగిలేది ఆ సంఖ్య కానే కాదు. అంటే బోల్టులు పోయాయి! ఒక్క పోగు కూడా ముట్టి చూడకుండా, కూలీ మీద అనుమానమని చీటీ రాసి పైకి పంపాను. గణితం నా పక్షాన ఉందని అంత ధీమా.

మర్నాడు ఆమెను గేటు దగ్గరే ఆపేశారు. ఇంటికి పోకుండా, నేను వచ్చేదాకా ఎండలో నిలబడింది.

"దొంగనన్నరంట. నీ ముంగట్నే మళ్ల లెక్కవెడ్త సారూ. తప్పొస్తే ఇగ ఈ గేటు తొక్క."

లోపలికి తీసుకెళ్లాను. బోల్టులన్నీ కలిపేసి కూర్చుంది. "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి." పోగు పక్కకి జరిపింది. మళ్లీ "లాభం..."

ఆమెను ఆపాను. "ఏడు అనవేమ్మా?"

"పని కాడ గా మాట ఎందుకు సారూ, మంచిది గాదు."

మా అమ్మా అంతే. కళ్లంలో వడ్లు కొలుస్తూ ఒకటిని లాభమనేది, ఏడు దగ్గరికి రాగానే ఏడుపు మాటని ఇలాగే దాటేసేది. చెల్లెలు ఏడిస్తే ఆరున్నొక్క రాగం మొదలెట్టిందని వెక్కిరించినవాణ్ణి నేనే. చదువుకున్నాక చెవులు పోయాయి నాకు.

మూడువందల అరవై పోగులయ్యాయి. ఆమె చివరి పోగు జరిపి, నేలంతా చేత్తో తడిమి చూసింది. ఏమీ లేదు.

పై అధికారి దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పి, చీటీ వెనక్కి తెచ్చి ఆమె ముందే చింపాను. క్షమించమ్మా అనబోయి ఏడ్చేశాను. కళ్లు తుడుచుకుంటుంటే ఆమె కంగారుపడింది.

"పని కాడ గదేంది సారూ? నువ్వు జెప్పినట్టే, ఒక్కటి గూడ మిగల్లే గద."